ఆడ్రీ అల్లిన స్వెటర్

ఆదివారం మధ్యాహ్నానికల్లా కావలసిన పనులు ఇవి. విప్పేసిన ఊలునంతా చిలపలుగా, అంటే వదులు చుట్టలుగా చుట్టి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. వంకీలు సాగిపోయేలా ఒక్కో చిలప కిందా బరువు కట్టి ఆరెయ్యాలి. స్వెటర్‌లో మిగిలిన కింది సగం నుంచి ఇంకొక్క కుట్టయినా జారిపోకముందే అన్నిటినీ చుట్టూ సూదులకు ఎక్కించాలి. అమ్మమ్మను ఆవిడ ఫ్లాట్ నుంచి తీసుకురావాలి. ఆవిడ టీ తాగి స్థిమితపడ్డాక సంగతి చెప్పాలి. క్రెయిగ్ మామయ్యకు మాత్రం చెప్పకూడదు.

పురమాయించింది తల్లి మాండీ. చెయ్యవలసింది కూతురు జోడీ. చివరి పనిలో మాత్రం తండ్రి కెవ్‌కి కూడా వాటా ఉంది. ఆ ఇంట్లో అందరికంటే నోరు జారేది ఆయనే.

శనివారం పొద్దున్న కెవ్ తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగది గుమ్మంలో ఆగిపోయాడు. షవర్ కడ్డీ పొడుగునా ముదురు నీలం ఊలు చిలపలు వేలాడుతున్నాయి. ఒక్కోదాని కిందా ఒక బీన్స్ డబ్బా తాడుతో కట్టి ఉంది.

“ఇవేమిటని నేనడగను,” అన్నాడు. “వాటిలో ఒక్క డబ్బా నా నెత్తిన పడితే మాత్రం అడుగుతాను.”

“సాయంత్రానికి ఆరిపోతాయి నాన్నా.”

“నిన్న కూడా సాయంత్రమే అన్నావు. తెల్లవారకముందు నుంచీ పీతల పెట్టెలు లారీకెక్కించి వచ్చాను. నా వాసన నాకే పడటం లేదు.”

“తలుపు దగ్గరగా వేసి వెళ్లు. ఊగితే మెలిపడతాయి.”

కెవ్ తలుపు దగ్గరగా వేశాడు. వేస్తూ గొంతు తగ్గించి, “మీ అమ్మ నీతో మాట్లాడిందా?” అన్నాడు.

“లేదు.”

“నాతో మాట్లాడింది. అదే నా బాధ.”

వంటింట్లో మాండీ టోస్ట్ మీద వెన్న రాస్తోంది. జోడీ వచ్చి కూర్చున్నా తల ఎత్తలేదు.

“కెవ్, టోస్ట్ చల్లారిపోతోందని నీ కూతురికి చెప్పు.”

జోడీ ఆవిడకు చెయ్యిచాపు దూరంలో ఉంది.

“టోస్ట్ చల్లారిపోతోందట,” అన్నాడు కెవ్.

“విన్నాను. థాంక్స్ అని చెప్పు.”

“థాంక్సట.”

“థాంక్స్ అక్కర్లేదని చెప్పు. మా నాన్న స్వెటర్ కావాలని చెప్పు.”

కెవ్ తన ప్లేటు, కప్పు పట్టుకుని ముందుగదిలోకి వెళ్లిపోయాడు. “నేను పోస్ట్‌మ్యాన్‌ని కాను,” అన్న మాట, వెంటనే టీవీలో ఫుట్‌బాల్ గోల వినిపించాయి.

మధ్యలో మనిషి లేకపోయేసరికి తల్లీకూతుళ్లకు మాట్లాడుకోక తప్పలేదు.

“సంచి మీద ఉందమ్మా,” అంది జోడీ. ఈ మాట గురువారం నుంచి ఎన్నిసార్లు అందో ఆ అమ్మాయికే తెలియదు. “ఇచ్చేసే బట్టల సంచి మీద ఉంది. మోచేతుల దగ్గర మాట్లు ఉన్నాయి. లేబుల్ లేదు. ఇచ్చేసేదే అనుకున్నాను.”

“గాలికి పెట్టాను! చిమ్మెట మందు వాసన పోవాలని మెట్ల దగ్గర పెట్టాను. ఆ సంచి అక్కడుంటే నేనేం చెయ్యను?”

“నువ్వే కదా ఆ సంచి పెట్టింది.”

“ఓహో. తప్పు సంచిదీ, నాదీ. నీది కాదు.”

“నాది కాదనలేదు.”

“పుట్టినప్పటి నుంచి చూస్తున్న స్వెటర్, గుర్తుపట్టలేదూ?”

“ఏడాదికోసారి, చర్చిలో, మామయ్య ఒంటి మీద చూస్తాను. మూడేళ్ల నుంచి అదీ లేదు. ఆదివారాలు పొద్దుటిపూట చిప్స్ దుకాణంలో పనికి పెట్టింది నువ్వే.”

మాండీ వెన్న కత్తిని పళ్లెంలో పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. జోడీకి అదే ఎక్కువ భయం వేసింది.

వాళ్లుండే రేవు ఊళ్లో జాలర్లు వేసుకునే బిగువైన నీలం స్వెటర్‌ని గాన్సీ అంటారు. ఇది నార్మన్ సాడన్‌ది, అంటే మాండీ తండ్రిది. ఆయన్ని సముద్రం ఏమీ చెయ్యలేదు. ఏడేళ్ల క్రితం తోటలో బంగాళాదుంపలు తవ్వుతూ గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి ఏటా, చర్చిలో వలలూ పీతబుట్టలూ అలంకరించి సముద్రపు పంటకు ప్రార్థన చేసే ఆదివారం నాడు, కొడుకు క్రెయిగ్ ఆ గాన్సీ వేసుకుని ముందు వరసలో నిలబడతాడు. క్రెయిగ్ ఇంకే ఆదివారమూ చర్చి గుమ్మం తొక్కడు. ఈసారి ప్రార్థన వచ్చే నెల మొదటి ఆదివారం.

ఆ గాన్సీ ఇప్పుడు చంకల కిందకు మాత్రమే ఉంది. చేతులు లేవు. మెడ లేదు. ఛాతీ మీద తాళ్ల జడల్లాగా, నిచ్చెన మెట్లలాగా ఉండే అల్లిక అంతా పోయింది. మిగిలింది సాదా భాగం, అంచు, అంచు పైన అల్లికలోనే తేలిన రెండు అక్షరాలు. ఎన్, ఎస్. గురువారం సాయంత్రం జోడీ సోఫాలో కాళ్లు ముడుచుకుని, ఇక మిగతాది విప్పుదామని ఒళ్లో పెట్టుకున్నప్పుడు మాండీ కంట పడ్డవి ఆ అక్షరాలే.

“ఆ బుధవారాలు ఇక ఆపు,” అంది మాండీ. “క్లాసు అయితే రైలెక్కు. ఇంటికి రా. మా రెండు వైపులా యూనివర్సిటీ లోపల అడుగు పెట్టినదానివి నువ్వొక్కదానివే. వెళ్లి ఏం చేస్తున్నావూ? పాత బట్టలు చింపుతున్నావు.”

“చింపలేదు. విప్పాను.”

“ఆ తేడా మీ మామయ్యకి చెప్పు.”

జోడీ టోస్ట్ అంచు తుంచింది. బుధవారాలు ఆపడమంటే ఏమిటో తల్లికి ఎలా చెప్పాలో తెలియలేదు.

మొదటి ఏడాదంతా జోడీ యూనివర్సిటీ ఉన్న హల్ ఊరికి రైల్లో వెళ్లింది, రైల్లో వచ్చింది. క్లాసులో పక్కన కూర్చున్నవాళ్లు సాయంత్రం ఎక్కడికి వెళ్తారో తెలియదు. అడిగితే రమ్మంటారేమో, రమ్మంటే రైలు పోతుందేమో అని అడగలేదు. రెండో ఏడాది మొదట్లో విద్యార్థి సంఘాల సంత జరిగినప్పుడు మాత్రం, హాల్లో వరసగా వేసిన బల్లల మధ్య తిరిగి మూడుచోట్ల పేరిచ్చింది. మట్టి పాత్రల సంఘంలో చేసిన కప్పు ఒక పక్కకు ఒరిగి, దానికి పెట్టిన పిడి ఇంకో పక్కకు ఒరిగింది. అప్పటికప్పుడు నాటకమాడే సంఘంలో ఆమెను రొట్టెలు కాల్చే యంత్రంలా నటించమన్నారు. చాలాసేపు కాలుతూ నిలబడింది. ఎవరూ రొట్టె తియ్యలేదు. మూడోది, బుధవారం బుధవారం కూడే అల్లిక సంఘం.

విద్యార్థుల భవనం పై అంతస్తులో, వేయించిన నూనె వాసన వదలని గది. అధ్యక్షురాలు ఫ్రేయా తల ఎత్తకుండానే “కూర్చో, ఇదిగో సూదులు” అంది. ఇంజనీరింగ్ చదివే ఒలూ తన కోసం తనే మేజోళ్లు అల్లుకుంటున్నాడు. మొదటిరోజు జోడీ మఫ్లర్ మొదలుపెడితే వరసవరసకీ వెడల్పయిపోయింది. ఒలూ దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, “ఇది మెడకా, పడవ తెరచాపకా?” అన్నాడు. అందరూ నవ్వారు. జోడీ కూడా నవ్వింది. ఆ రోజు రైలు పోయింది. తర్వాతి రైలుకి ఒలూ స్టేషన్‌దాకా తోడొచ్చాడు. దారంతా మేజోడుకి మడమ మలపడం ఎలాగో చెప్తూనే ఉన్నాడు.

కొత్త ఊలు కొనక్కర్లేకుండా ఇంట్లో పాత స్వెటర్లు తెచ్చి విప్పుకునే రోజుకి ఆ సంఘంలో ‘విప్పుడు బుధవారం’ అని పేరు. విప్పేముందు ప్రతి స్వెటర్‌నీ బల్ల మీద పరిచి ఫొటో తీస్తారు. విప్పిన ఊలుతో ఏదైనా అల్లాక ఇంకో ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెడతారు. ఈ బుధవారం జోడీ తీసుకెళ్లింది మెట్ల దగ్గర దొరికిన ఆ స్వెటర్‌నే.

“ఫొటో ఉందమ్మా,” అంది జోడీ. “ముందూ వెనకా తీశారు. ఛాతీ మీది అల్లిక కుట్టు కుట్టూ కనిపిస్తోంది. ఫ్రేయా దాన్ని గళ్ల కాగితం మీద వేసిస్తోంది.”

“చంపేముందు ఫొటో కూడా తీసుకున్నారన్నమాట.”

“అమ్మా.”

“సరే.” మాండీ లేచి ప్లేట్లు సింకులో వేసింది. “ఫొటో ఉంది. ఊలు ఉంది. మా అమ్మ ఉంది. ఆవిడ అల్లిందే కదా, మళ్లీ అల్లుతుంది. నువ్వు పక్కన కూర్చుని చెప్పింది చెయ్యి. గాన్సీ మళ్లీ గాన్సీ అయ్యాక నీ బుధవారాల సంగతి మాట్లాడదాం.”

*

ఆదివారం అమ్మమ్మ ఆడ్రీ వచ్చింది. కోటు విప్పకుండానే వంటింటి బల్ల ముందు కూర్చుని కేకు ఉందా అని అడిగింది. నిమ్మకాయ కేకు ఉంది. రెండో ముక్క సగంలో ఉండగా మాండీ తల్లి మోకాళ్ల మీద తువ్వాలు పరిచి, తువ్వాలు మీద గాన్సీ పెట్టి, ఇక ఏమీ చెప్పలేక జోడీ వైపు చూసింది.

“నేను విప్పేశాను అమ్మమ్మా,” అంది జోడీ. “తెలియక. సారీ.”

ఆడ్రీ కళ్లజోడు సవరించుకుంది. గాన్సీని ఒకసారి అటు తిప్పింది, ఒకసారి ఇటు తిప్పింది.

“సగమే విప్పావే?”

“అమ్మా!” అంది మాండీ.

“ఏమిటే? సగమే కదా ఉంది అంటున్నాను.” మిగిలిన కేకు నోట్లో వేసుకుంది. “ఏడవకు మాండీ. ఊలే కదా. మీ నాన్న కాదు.”

మాండీ ఏడుస్తూనే ఉంది. “నీ చేతులతో అల్లావు. పెళ్లికి ముందు. పీతల షెడ్డులో పొద్దంతా నిలబడి, సాయంత్రం ఇంటికొచ్చి అల్లావు. నాన్న అందరికీ చెప్పుకునేవాడు.”

“ఆయన అన్నీ అందరికీ చెప్పేవాడు. నా కాలి మీది కురుపు గురించి కూడా చెప్పాడు.”

“మళ్లీ అల్లాలమ్మా నువ్వు.”

ఆడ్రీ టీ కప్పులో చెంచా తిప్పింది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. ఇంకా తిప్పుతూనే ఉంది.

“నా కళ్లు,” అంది.

“దీపం పెడతాను.”

“వేళ్లు. చలికాలం వస్తే మడతపడవు.”

“జోడీ ఉంది. ప్రతి కుట్టూ నువ్వే వెయ్యక్కర్లేదు, చూపిస్తే చాలు. అదీకాక,” మాండీ ముక్కు తుడుచుకుంది, “ఆ పిల్లకి మెసేజ్ పెట్టాను. ఆ ఫ్రేయాకి.”

జోడీ ఉలిక్కిపడింది. “ఎప్పుడు?”

“పొద్దున్న. నీ ఫోన్‌లోంచి నంబరు తీసుకున్నాను. మర్యాదగానే మాట్లాడింది, వెంటనే ఫోన్ చేసింది. గాన్సీ చేతులు రెండూ వాళ్లు పంచుకుని అల్లుతారట. శనివారం అందరూ ఇక్కడికి వస్తామన్నారు. ఆ మేజోళ్ల అబ్బాయి కూడా.” మాండీ గొంతులో మూడు రోజులుగా లేని ఊపు వచ్చింది. “వాళ్లలో ఒక్కరికీ అసలైన గాన్సీ అల్లడం తెలియదట. ఎవరైనా నేర్పితే చాలు అంది. నేర్పడానికి మా అమ్మ ఉంది అన్నాను.”

ఆడ్రీ చెంచా ఆగింది.

“ఎంతమంది?” అంది.

“పది, పన్నెండు మంది. శాండ్‌విచ్‌లు చేస్తాను.”

జోడీకి ఒక్క క్షణం ఒళ్లంతా తేలికయింది. అల్లిక సంఘం, తన ఇంట్లో, తల్లి శాండ్‌విచ్‌లతో! గురువారం నుంచి ఇలాంటిది కలలో కూడా అనుకోలేదు. అమ్మమ్మ మొహం వైపు చూడాలని అప్పుడు ఆమెకు తోచలేదు.

అంతలో మాండీ ఫోన్ మోగింది. క్రెయిగ్. ఈ ఏడు కాస్త ఒళ్లొచ్చింది, గాన్సీ పడుతుందో లేదో ఒకసారి వేసుకుని చూస్తాను, దారిలోనే ఉన్నాను అన్నాడు.

“రాకు!” అంది మాండీ. తర్వాత, “ఇంట్లో అందరికీ వాంతులు,” అంది. ఫోన్ పెట్టేసి కోటు అందుకుంది. “వీడు వాంతులన్నా వస్తాడు. నేనే వాళ్లింటికి వెళ్లి కూర్చుంటాను. కెవ్! కారు తియ్యి. నువ్వు నోరు తెరవకు, నిన్ను కారులోనే కూర్చోబెడతాను. అమ్మా, నువ్వు మొదలుపెట్టు.”

ముందు తలుపు పడింది. కారు కదిలింది. వంటింట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే మిగిలింది.

*

ఐదు సన్నటి ఉక్కు సూదులు. నాలుగింటి మీద చుట్టూ కుట్లు ఉన్నాయి. అన్నిటినీ శనివారం రోజంతా కూర్చుని జోడీయే ఎక్కించింది. ఐదోది ఖాళీ. ఉతికిన ఊలు ఉండ గిన్నెలో ఉంది.

“ఇదిగో అమ్మమ్మా, ఇక్కడి నుంచి,” అని జోడీ గాన్సీని ఆవిడ చేతుల్లో పెట్టింది. “సాదాగా రెండు వరసలు వేస్తే, తర్వాత జడలు మొదలవుతాయి.”

“తెలుసులే.”

ఆడ్రీ కళ్లజోడు తుడుచుకుంది. దీపం దగ్గరకు జరుపుకుంది. దూరంగా జరిపింది. టీ ఇంకో కప్పు కావాలంది. జోడీ కెటిల్ పెట్టింది. వెనక్కి తిరిగేసరికి ఆడ్రీ సూది పట్టుకుని ఉంది.

జోడీ చూస్తూ నిలబడింది.

ఆడ్రీ గాన్సీని తన వైపు కాకుండా అవతలి వైపు నుంచి అల్లుతోంది. సూది మొన దూరి పైకి వచ్చాక ఊలును ఒకసారి చుట్టవలసింది, వెనక్కి తీసుకెళ్లి ఇంకోసారి కూడా చుట్టింది. ఐదు కుట్లు అల్లేసరికి సూది మీద ఏడున్నాయి. ఆవిడ వాటిని చూసింది. రెండింటిని బొటనవేలితో మెల్లగా తోసేసింది. అవి ఊడి కిందికి జారాయి. జారినచోట గాన్సీలో సన్నటి చీలిక నిలువునా పడింది.

మొదటి బుధవారం జోడీ చేసింది సరిగ్గా ఇదే. అవతలి వైపు నుంచి అల్లడం, రెండుసార్లు చుట్టడం, కుట్లు పెరగడం. మఫ్లర్ తెరచాపలా అయింది ఇందుకే. వేళ్లు మడతపడని మనిషి నెమ్మదిగా అల్లుతుంది. చూపు ఆనని మనిషి తడుముతూ అల్లుతుంది. ఇలా మాత్రం అల్లదు.

కెటిల్ కూసి ఆగిపోయింది.

“అమ్మమ్మా,” అంది జోడీ.

“ఊఁ.”

“నీకు అల్లడం రాదు కదా?”

ఆడ్రీ తల ఎత్తలేదు. “నువ్వు నేర్చుకుని ఎన్నాళ్లయింది?”

“నెల కూడా కాలేదు.”

“నెల. మీ తాత నలభై ఏళ్లు కాపురం చేశాడు, పట్టుకోలేకపోయాడు.” సూదుల్ని బల్ల మీద పెట్టింది. “ఆ టీ ఇటివ్వు.”

జోడీ టీ ఇచ్చి, తనకూ ఒక కప్పు పోసుకుంది. ఎదురుగా కూర్చుని, జారిన కుట్లను ముందు ఒక చిన్న కొక్కెంతో పైకి లాగి మళ్లీ సూదికి ఎక్కించింది. ఏం అడగాలో తెలియక ఆ పని చేసింది. ఆడ్రీ ఆ వేళ్లనే చూస్తూ మాట్లాడింది.

“మా వీధిలో పెళ్లికి ముందు పిల్ల తన చేత్తో గాన్సీ అల్లి ఇవ్వాలి. ఇవ్వకపోతే మగవాడి తల్లి మొహం మాడ్చుకునేది. నాకు పీతలు వొలవడం వచ్చు. సైకిల్ తొక్కడం వచ్చు. ఇదొక్కటే రాదు. మా అమ్మకీ రాదు. మూడుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో పడేశాను.”

“మరి ఇది ఎవరు?”

“రెండిళ్ల అవతల హిల్డా. హిల్డా లెంగ్. పెళ్లీ పెటాకులూ లేవు. వీధిలో సగం మందికి ఆవిడే అల్లేది. అయినా ఎవరి పేరు మీద అల్లిందో వాళ్లకి తప్ప చెప్పేది కాదు. ఆ చలికాలమంతా శుక్రవారం శుక్రవారం ఒక మంచి పీత తీసుకెళ్లి ఇచ్చాను. నార్మన్ కొలతలు కూడా నేను చెప్పలేదు. వీధిలో నడుస్తుంటే చూసి పట్టేసింది.”

“తాతయ్యకి ఎప్పుడూ చెప్పలేదా?”

“చెబుదామనే అనుకున్నాను. పెళ్లి కాగానే చెబుదామనుకున్నాను. ఆయనేమో మొదటి ఆదివారమే చర్చిలో చేతులు చాపి అందరికీ చూపించాడు. మా ఆడ్రీ అల్లింది, మా ఆడ్రీ అల్లింది అని. నేను నవ్వి ఊరుకున్నాను. నేనల్లానని నా నోటితో ఏనాడూ అనలేదు జోడీ. కాదని మాత్రం అనలేదు.”

“ఆ హిల్డా విన్నదా?”

“మా వెనక వరసే ఆవిడది.” ఆడ్రీ కప్పు కింద పెట్టింది. “ఏటా వినేది. ఎవరో ఒకరు వచ్చి ఆ జడలు ఎంత బాగా కుదిరాయో ఆడ్రీ అనేవారు. వెనక నుంచి ఆవిడ కూడా, అవును, బాగా కుదిరాయి అనేది. నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. ఒక్కసారి కూడా చూడలేదు.”

“ఇప్పుడు...”

“పోయింది. మీ అమ్మ అప్పటికి బడికి కూడా వెళ్లడం లేదు. పిల్లల్లేరు. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు వచ్చి సూదులూ ఊలూ అన్నీ బండిలో వేసుకుపోయారు.”

బయట ఎవరిదో కుక్క మొరిగి ఊరుకుంది.

“అమ్మకి చెప్పు అమ్మమ్మా.”

“ఆ మొహం చూశావా ఇందాక? దానికి తండ్రి మిగల్లేదు. ఆ గాన్సీ ఒకటి మిగిలింది, అదీ నువ్వు సగం చేశావు. మిగతా సగం నన్ను విప్పమంటావా?”

జోడీ ఊలు ఉండను గిన్నెలో తిప్పింది.

“శనివారం పన్నెండు మంది వస్తారు,” అంది. “వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. నాకే తెలిసిపోయింది.”

“నా చేతులు నొప్పి అని చెప్తాం. నేను కుర్చీలో కూర్చుంటాను. నువ్వు అల్లు. నేను పక్కనుండి ఊఁ కొడతాను. నేను చెప్తున్నట్టే ఉంటుంది.” ఆడ్రీ గాన్సీని, సూదుల్ని, ఊలు గిన్నెనీ ఒక్కొక్కటిగా మనవరాలి వైపు జరిపింది. “మీ అమ్మ నీ బుధవారాలు ఆపమందట కదా. కెవ్ చెప్పాడు. ఇది అయిపోతే ఇక ఆపదు. నీకూ మంచిదే, నాకూ మంచిదే.”

“అప్పుడు హిల్డా చేసిందే ఇప్పుడు నేను చెయ్యాలి.”

ఆడ్రీ కత్తి అందుకుంది. కేకు ముక్క ఒకటి కోసి, చిన్నపిల్లకి పెట్టినట్టు జోడీ ముందు పెట్టింది.

జోడీ కేకు ముట్టుకోలేదు. సూదులు తీసుకుంది. చెప్పేస్తే గాన్సీ అల్లేదెవరు? అల్లకపోతే క్రెయిగ్ మామయ్యకు ఏం చెప్పాలి? ఆ పైగది, ఆ నూనె వాసన, స్టేషన్‌దాకా మడమల పాఠం, ఇవన్నీ ఏమవుతాయి? చెప్పకపోతే ఏమవుతుందో అమ్మమ్మ ఇప్పుడే చెప్పింది. ఏదీ తేలలేదు. చేతులు మాత్రం అల్లడం మొదలుపెట్టాయి. మొదటి సూది చివరికి వచ్చేసరికి బిగువు కుదిరింది. కింద ఎప్పుడో వేసిన కుట్లు, పైన ఇప్పుడు వేస్తున్న కుట్లు దీపం వెలుగులో ఒకేలా కనిపించాయి. చుట్టూ ఒక వరస తిరిగింది. రెండో వరస సగంలో ఉండగా కారు వచ్చి ఆగింది.

ఆడ్రీ చెయ్యి చాపింది.

ఎందుకో జోడీకి వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా గాన్సీని ఒళ్లోనే పెట్టుకుని ఉంది. ముందు తలుపు తెరుచుకుంది. కెవ్ గొంతు, “నేనేమీ చెప్పలేదు, వాడే అడిగాడు,” అంటోంది. మాండీ గొంతు నోరు మూసుకోమంటోంది. ఆడ్రీ చెయ్యి బల్ల మీద అలాగే ఉంది. ఊరికే తెరిచి ఉంది.

జోడీ గాన్సీని ఆ చేతిలో పెట్టింది.

మాండీ కోటుతోనే వంటింట్లోకి వచ్చింది. “ఏడ్చినట్టుంది, వాడు నమ్మలేదు. రేపు వస్తాడట. మొదలుపెట్టావా అమ్మా?” దగ్గరకు వచ్చి వంగి చూసింది. తల్లి ఒళ్లో గాన్సీ. సూదుల మీద కొత్త వరస. మాండీ దాన్ని వేలితో తాకింది. మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరదాకా వేలు జరిపింది.

“చూడు జోడీ,” అంది. “చూడు. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి మారలేదు. చూశావా ఎంత బాగా కుదిరిందో?”

ఆడ్రీ మనవరాలి వైపు చూడలేదు.

జోడీ తన కప్పులోకి చూసుకుంది.

“అవునమ్మా,” అంది. “బాగా కుదిరింది.”

ఇంతవరకు చదివినవాళ్లకు ఒక్క మనవి. ఆ గాన్సీ అంచు మీద రెండక్షరాలు ఉన్నాయి, అవి వేసుకున్నవాడివి. అల్లినామె పేరు దాని మీద ఎక్కడా లేదు. క్రెయిగ్‌కి తెలియదు, మాండీకి తెలియదు, శనివారం రాబోయే పన్నెండు మందికీ తెలియదు. జోడీ చెప్పేదాకా ఆ పేరు ఎరిగినవాళ్లు ఆ ఇంట్లో ఇద్దరే. మూడోవారు మీరు కండి. హిల్డా లెంగ్. చర్చిలో వెనక వరసలో కూర్చునేది. ఆమెను గుర్తుపెట్టుకోండి.